అయిదింటికి లేపాలి

మా నాన్నగారు ఏడాదిలో పది నెలలు మిలటరీలో ఉంటారు, రెండు నెలలు ఇంట్లో ఉంటారు. అందుకని ఆయనంటే ఎంత ఇష్టమున్నా, ఎదురుగా నిలబడి మాట్లాడాలంటే పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు నాకు నోరెండిపోయేది. 2003 ఏప్రిల్ ఇరవై రెండున ఆయన సెలవు మీద వచ్చేటప్పటికి నా టెన్త్ పరీక్షలు అయిపోయాయి. డైరీ రాసుకోవడం తప్ప నాకు వేరే పని లేదు.

ఎండలు మండిపోతున్నాయి. కడియం చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోలాగే మేమూ రాత్రిళ్ళు వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. మామ్మ మంచం అరుగు పక్కన, అమ్మా నేనూ మధ్యలో, నాన్నగారు గేటు దగ్గర. ఆయన నిద్రపోవడం లేదని మూడో రాత్రికి నాకు అర్థమైంది. ఆ వారం నా డైరీలో ఇలా ఉంది:

"1.10. నాన్నగారు లేచి నీళ్ళు తాగారు. 2.00. అరుగు మీద కూర్చున్నారు. 2.40. గేటు గడియ చూసి వచ్చారు. 3.30. మళ్ళీ గడియ. 4.15. పడుకున్నారు కానీ కాలు ఆడిస్తున్నారు."

ఎందుకు రాశానంటే, అడగడానికి నోరు రాక రాశాను.

మా మామ్మ మాణిక్యాంబ మాత్రం ఊరుకునే మనిషి కాదు. గసగసాలు నూరి పాలల్లో కలిపి ఇచ్చింది. అరికాళ్ళకి ఆముదం రాసింది. మధ్యాహ్నం ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా లోపలి గదిలో చాప పరిచి, తలుపులు దగ్గరగా వేసి, వీధిలో మామిడికాయలమ్మే ఆవిణ్ణి కూడా కేకెయ్యనిచ్చేది కాదు.

"అబ్బాయి పడుకున్నాడమ్మా. కాస్త అవతలికెళ్ళి అరుచుకో."

తలుపు సందులోంచి చూస్తే నాన్నగారు వెల్లకిలా పడుకుని దూలాలు లెక్కపెడుతూ ఉండేవారు. ఎప్పుడో మూడింటికి రెప్ప వాలేది. రాత్రికి మళ్ళీ మామూలే.

అసలు సంగతి అమ్మ చెప్పింది. నాన్నగారు మిలటరీలో లారీ డ్రైవరు. పోయిన ఏడాది సరిహద్దులో నెలల తరబడి రాత్రిళ్ళు లైట్లు ఆర్పేసి బండి నడిపారట. అప్పుడు పోయిన నిద్ర మళ్ళీ రాలేదు. ఫిబ్రవరిలో ఒక కొండదారిలో స్టీరింగు పట్టుకునే ఒక్క క్షణం కళ్ళు మూశారు. లారీ రోడ్డు పక్క గోడకి రాసుకుని ఆగింది. వెనకాల పన్నెండు మంది జవాన్లు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆయన దగ్గర బండి తీసేసుకుని, సెలవిచ్చి, సికింద్రాబాద్ మిలటరీ హాస్పిటల్‌లో చూపించుకోమని ఉత్తరం రాసి పంపారు. జూన్ ఇరవై నాలుగున పఠాన్‌కోట్‌లో మెడికల్ బోర్డు పరీక్ష. అప్పటికి నిద్ర కుదిరితే బండి తిరిగిస్తారు. కుదరకపోతే ఇక జన్మలో ఇవ్వరు.

"పదిహేడేళ్ళు బండి మీద బతికిన మనిషే" అంది అమ్మ. "ఆ ఉత్తరం పెట్టెలోంచి తియ్యరు. ఏం చెయ్యమంటావ్?"

ఆ సాయంత్రం అమ్మే తీసింది.

"నిద్ర పట్టట్లేదని ఎవరన్నా హాస్పిటల్‌కెళ్తారేంటి? మెంటలని రాసేస్తారు" అన్నారు నాన్నగారు.

"రాసుకోనివ్వండి. బండి లోయలో పడ్డాక రాయించుకోడానికి మనిషుండాలి కదా."

మా అమ్మ రామతులసి నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతుంది. ఆవిడ మాట కూడా బ్లేడుతో కోసినట్టే ఉంటుంది. నాన్నగారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అమ్మకి పని వదిలి రావడం కుదరలేదు. మామ్మకి రైలు పడదు. తోడు నన్ను పంపారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నాన్నగారు నాకు బెర్తు ఇచ్చి రాత్రంతా తలుపు దగ్గర నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

హాస్పిటల్లో మమ్మల్ని చూసిన డాక్టరు పేరు మేజర్ ఫణిశ్రీ. సన్నగా, జుట్టు బిగించి ముడి వేసుకుని ఉన్నారు.

"ఏ ఊరండి హవల్దార్ గారూ?"

"కడియం పక్కన, మేడమ్."

"ఓ, మొక్కల ఊళ్ళు! మాది అమలాపురమండి. కూర్చోండి, కూర్చోండి."

ఆఫీసరు 'అండి' అనేటప్పటికి నాన్నగారికి ఎలా కూర్చోవాలో తెలియలేదు. కుర్చీ అంచున, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ గంటసేపు అడిగారు. చివరికి మాత్రలు రాయనన్నారు.

"మాత్ర మిమ్మల్ని పడేస్తుందండి, నిద్ర నేర్పదు. మొదట్లో మీకు నిద్ర దూరమవడానికి కారణం సరిహద్దు. ఇప్పుడు కారణం మీ మంచం. మంచమెక్కితే మేలుకోవాలని మీ ఒంటికి అలవాటైపోయింది. అది మాన్పించాలి. దానికో పద్ధతుంది. ఆరు వారాలు, వారానికోసారి ఇక్కడికి రావాలి."

"రాలేను మేడమ్" అన్నారు నాన్నగారు. "వచ్చేటప్పుడో రాత్రి, వెళ్ళేటప్పుడో రాత్రి, రైల్లో నుంచునే పోతాయి. ఉన్న నిద్ర కూడా పోతుంది."

ఆవిడ కలం కింద పెట్టారు. "అందరూ ఇదే అంటారండి. శ్రీకాకుళం వాళ్ళు, కడప వాళ్ళు. ఒకసారి వస్తారు, మళ్ళీ కనపడరు. తప్పు వాళ్ళది కాదు. వైద్యం ఇక్కడుంది, మనుషులు అక్కడున్నారు." అప్పుడు నా వైపు చూశారు. "ఏం రాస్తున్నావమ్మా?"

నేను డైరీ మూసేశాను. నాకు తోచనప్పుడు చెయ్యి దానంతట అదే రాస్తుంది. ఆ పూట కూడా, రైలు కాజీపేటలో ఆగినప్పుడు నాన్నగారు ఎన్నిసార్లు దిగి ఎక్కారో రాస్తున్నాను.

"ఏమీ లేదండి."

"మీ నాన్నగారి గురించేనా? టైములు మాత్రం చూపిస్తావా? మిగతాది చదవను."

ఆవిడ చూశారు. ఒక పేజీ, ఇంకో పేజీ. తర్వాత పుస్తకం నాన్నగారికి అందించారు. ఆయన చదువుతుంటే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. రాత్రిళ్ళు మేమందరం నిద్రపోతున్నామని ఆయన అనుకుంటున్నారు. "మళ్ళీ గడియ" అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

"ఈ పుస్తకం కోసం నేను పేషెంట్లని బతిమాలుతాను. మీ ఇంట్లో అడక్కుండానే తయారైంది" అన్నారు ఫణిశ్రీ గారు. "మీరు రావద్దండి. ప్రతి ఆదివారం పదకొండింటికి ఈ అమ్మాయి నాకు ఫోన్ చేసి చదువుతుంది. ఏం చెయ్యాలో నేను చెప్తాను. ఫోన్లో వైద్యమేంటని మా కల్నల్ గారు అడుగుతారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను."

ఇంటికొచ్చి ఆ పద్ధతి చెప్పగానే మామ్మ గుండెలు బాదుకుంది. రాత్రి పన్నెండింటి దాకా నాన్నగారు మంచం ఎక్కకూడదు. ఎక్కాక నిద్ర రాకపోతే లేచి అరుగు మీద కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తేనే మళ్ళీ మంచం. గడియారం చూడకూడదు. మధ్యాహ్నం కునుకు తియ్యకూడదు. రాత్రి ఎలా గడిచినా సరే, పొద్దున్న అయిదింటికి మంచం దిగెయ్యాలి.

"నిద్ర లేనివాడికి నిద్ర తగ్గించడమేంటే? ఆవిడ నిజంగా డాక్టరేనా?" అంది మామ్మ.

నాకూ తెలియదు. కానీ ఆవిడ నా పుస్తకం వైద్యానికి పనికొస్తుందన్నారు. అందుకని నమ్మాను.

పన్నెండింటి దాకా ఆయన్ని మెలకువగా ఉంచడానికి అరుగు మీద అష్టాచెమ్మా మొదలుపెట్టాం. నాన్నగారూ నేనూ ఒక జట్టు, అమ్మా మామ్మా ఒక జట్టు. మామ్మ గవ్వలు వేసి, అవి ఆగకముందే "ఎనిమిది!" అని అరిచి కాయ జరిపేసేది. "మీ మామ్మ శత్రుసైన్యం కన్నా ఘోరం" అన్నారు నాన్నగారు నాతో. ఆయన నాతో వేసిన మొదటి జోకు అది. నవ్వాలో వద్దో తెలియక కాయలు సర్దాను.

ఒక రాత్రి అమ్మా మామ్మా ఆవులిస్తూ లేచిపోయాక, మేమిద్దరమే మిగిలాం. ఆయన గవ్వలు చేతిలో ఆడిస్తూ అన్నారు:

"కళ్ళు మూస్తే స్టీరింగు చేతిలోంచి జారిపోతున్నట్టుంటుందమ్మలూ. అందుకని తెరుస్తాను. తెరిచాక గేటు వేశానో లేదో అనిపిస్తుంది."

"వేసే ఉంటుందండి. పడుకునేముందు నేను కూడా చూస్తాను" అన్నాను.

ఆయన గవ్వలు నా చేతిలో పోశారు. తర్వాత, "నీదే ఆట, వెయ్యి" అన్నారు.

మొదటి ఆదివారం, వారం లెక్క గళ్ళు గీసి రాసిన కాగితం పట్టుకుని బుజ్జిబాబు బాబాయ్ ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళాం. ఆ బూత్ తలుపు మూసుకోదు. ఆదివారం కావడంతో బయట పదిమంది నిలబడి ఉన్నారు. నాన్నగారు సైకిళ్ళ దాకా వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు.

"పడుకున్నది పన్నెండు. నిద్ర పట్టింది ఒకటిన్నర. మధ్యలో లేచినవి నాలుగు..."

"వినపడట్లేదు సత్యా. గట్టిగా చదువమ్మా" అన్నారు ఫణిశ్రీ గారు.

గట్టిగా చదివితే బయటివాళ్ళందరికీ తెలిసిపోతుంది. మెల్లగా చదివితే వైద్యం జరగదు. నా చెమటతో రిసీవరు జారిపోతోంది. నాన్నగారి వీపు వైపు చూశాను. కళ్ళు మూసుకుని గట్టిగా చదివేశాను. సోమవారం నుంచి శనివారం దాకా, నాలుగుసార్లు లేచినవీ, అయిదుసార్లు లేచినవీ, గురువారం మధ్యాహ్నం గంటన్నర కునుకుతో సహా. బయట మాటలు ఆగిపోయాయి.

"గురువారం ఎవరు పడుకోబెట్టారు?"

"మా మామ్మండి."

"మామ్మగారున్నారా అక్కడ?"

ఉంది. మనవరాలు పట్నం డాక్టరుతో మాట్లాడుతుంటే చూడ్డానికని వచ్చింది. రిసీవరు అందుకుని ముందే మొదలుపెట్టింది. "నేనేం పడుకోబెట్టలేదమ్మా, చాప ఉంది, వాడే ఒరిగాడు. నాకూ ముగ్గురు పిల్లలండి. నిద్రపుచ్చడం నాకు తెలీదా?" తర్వాత చాలాసేపు విన్నది. "ఆ... ఆ... అలాగా..." అని ఫోన్ నాకిచ్చేసింది.

"ఏమన్నారత్తయ్యా?" అని అమ్మ ఇంటి దగ్గర అడిగింది.

"మూడింటికి పకోడీలు పెట్టి రాత్రికి అన్నం తినట్లేదని ఏడిస్తే ఎలాగండీ అంది. నిజమే కదా" అంది మామ్మ. ఆ రోజు నుంచి లోపలి గదిలో చాప పరవలేదు. మధ్యాహ్నాలు నాన్నగారు అమ్మతో నర్సరీకి వెళ్ళి షెడ్డు నీడలో సంచుల్లో మట్టి నింపేవారు.

ఆ మర్నాడు సాయంత్రం సుబేదార్ లోవరాజు గారు మా ఇంటికొచ్చారు. తుని నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డు మనిషి, పెద్ద మీసాలు. ముందురోజు బూత్ దగ్గర వరసలో ఉన్నారు. ఆయన ముందు ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడరు. నాన్నగారు లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు, ఏం మాట పడాలో అని ముఖం బిగించుకుని.

లోవరాజు గారు ఆయన్ని దాటి నా దగ్గరికి వచ్చారు. "పాపా, నువ్వు చదివిన కాగితం ఉంది కదా, గళ్ళు గీసింది. అలాంటిది ఇంకోటి గీసిపెడతావా?"

"ఎవరికండి?"

"నాకే." గొంతు సవరించుకున్నారు. "ముప్పై రెండేళ్ళయిందమ్మా, డెబ్బై ఒకటి యుద్ధం నుంచి. నేను తాగుతానని ఊరందరికీ తెలుసు. ఎందుకు తాగుతానో మాత్రం మా ఆవిడక్కూడా చెప్పలేదు." అప్పుడు నాన్నగారి వైపు తిరిగారు. "ఏమోయ్, నీ కూతురు అంత గట్టిగా చదువుతుంటే నువ్వు సైకిళ్ళ దగ్గర దాక్కుంటావేంటి?"

నాన్నగారు తల వంచుకున్నారు. కానీ తర్వాతి ఆదివారం ఆయన బూత్ తలుపు పక్కనే నిలబడ్డారు.

ఆ రెండో ఆదివారానికి పరిస్థితి ఇంకా పాడైంది. నిద్ర తక్కువై ఆయన చిన్నమాటకే కసిరేవారు. ఒకరోజు అష్టాచెమ్మా గళ్ళు కాలితో చెరిపేశారు. "ఇలాగే ఉంటుందని చెప్పానుగా, ఇంకొన్ని రోజులు" అన్నారు ఫణిశ్రీ గారు. "సత్యా, జాగ్రత్తగా విను. ఇప్పటిదాకా అయిదింటికి ఆయన మెలకువగానే ఉన్నారు కాబట్టి మీకు పని పడలేదు. ఒకరోజు వస్తుంది, అయిదింటికి ఆయన గాఢనిద్రలో ఉంటారు. ఆ రోజు లేపాలి. అన్నిటికన్నా ముఖ్యం అదే. మీరు జాలిపడి వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"అలారం పెడతానండి."

"వద్దు, గంట మోగితే ఆయన ఉలిక్కిపడతారన్నావు కదా. ముట్టుకోవద్దు కూడా. కాళ్ళవైపు నిలబడి పేరు పెట్టి పిలువు."

"పేరా అండి?"

"పేరే. పదిహేడేళ్ళుగా మిలటరీలో ఆయన్ని నిద్రలోంచి లేపుతున్నది ఆ పిలుపే."

ఇంట్లో ఈ మాట చెప్తే అమ్మ నాలిక కరుచుకుంది. నాన్నగారి పేరు తాతాజీ. భర్త పేరు అమ్మ ఏనాడూ పలకలేదు, రేషన్ ఆఫీసులో అడిగినా నన్ను చెప్పమనేది. మామ్మ పిలుస్తుందా అంటే, అది మామ్మకి మామగారి పేరు. ముత్తాత పేరే నాన్నగారికి పెట్టారు. అందుకని మామ్మకి కన్నకొడుకు పుట్టినప్పటి నుంచి 'అబ్బాయే'. ఊళ్ళోవాళ్ళకి 'మిలటరీ'. నేను తండ్రి పేరు పెట్టి పిలవడమా? ముగ్గురు ఆడవాళ్ళం ఉన్న ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలవగలిగే మనిషి లేదు.

"అయిదింటిదాకా వాడు నిద్రపోతే అప్పుడు చూద్దాంలే" అంది మామ్మ.

మే పద్నాలుగు, బుధవారం. గడియారం నాన్నగారికి కనపడకుండా నా దిండు కింద ఉంది. కళ్ళు తెరిచి చూస్తే అయిదుకి అయిదు నిమిషాలు తక్కువ. తెల్లారుతోంది. పూలలారీలు హారన్లు కొడుతూ మార్కెట్టుకి పోతున్నాయి. నాన్నగారు కదల్లేదు. ఒక చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, పక్కకి తిరిగి పడుకుని ఉన్నారు.

నా జన్మలో నేను మా నాన్నగారు ఇంత ఒళ్ళెరక్కుండా నిద్రపోతుండగా చూడలేదు. ఆయన ముఖం అలా ఉంటుందని నాకు తెలియదు.

మామ్మ అప్పటికే మంచం పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మామ్మా, అయిదవుతోంది."

"నోర్ముయ్. నిద్రపోయేవాణ్ణి లేపితే పాపం. ఏడాదైంది వాడు నిద్రపోయి."

అమ్మ ముగ్గుగిన్నెతో వచ్చింది. "అత్తయ్యా, డాక్టరమ్మ..." అని మొదలుపెట్టి ఆయన్ని చూసి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "సత్యా, ఒక్క అరగంటే. అరగంటలో ఏమైపోతుందే?"

అమ్మ కూడా అలా అనేసింది. నాకూ అలాగే చూస్తూ ఉండాలనుంది. అయిదు దాటింది. అయిదూ ఒకటి. అయిదూ రెండు. జూన్ ఇరవై నాలుగు గుర్తొచ్చింది.

"నాన్నగారూ" అన్నాను. కదల్లేదు.

మంచం కాళ్ళవైపు వెళ్ళి నిలబడ్డాను.

"హవల్దార్ తాతాజీ!"

పక్కింట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది. మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు ఒక్క ఉదుటున లేచి కాళ్ళు నేల మీద పెట్టి, "జీ సాబ్!" అని నిటారుగా నిలబడ్డారు. ఎదురుగా నేను, రేగిన జడతో, పరికిణీలో.

"టైమెంత?"

"అయిదూ మూడండి."

"నేను పడుకున్నది?"

"పన్నెండు."

"మధ్యలో?"

"లేవలేదండి."

"గేటు దగ్గరికి?"

"లేదండి."

ఆయన గేటు వైపు ఓసారి చూశారు. దుప్పటి అంచులు కలిపి మడతపెట్టారు. బకెట్టు తీసుకుని మొక్కలకి నీళ్ళు పెట్టడానికి నర్సరీకి వెళ్ళిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా ఈల వేస్తూనే ఉన్నారు.

నేను కాగితం తీసి 'మధ్యలో లేచినవి' అన్న గడిలో సున్నా రాశాను.

"ఎంత గట్టిగా పిలిచావే!" అంది మామ్మ. తిట్టలేదు. "పైన మా మామగారు కూడా లేచుంటారు."

ఆ తర్వాత రోజూ నేనే లేపాను. రెండుమూడు చెడ్డ రాత్రులు రాకపోలేదు. కానీ నాలుగో ఆదివారం లెక్క చదివాక ఫోన్లో అవతల ఆవిడ కూడికలు వేసుకోవడం వినిపించింది. తర్వాత, "సత్యా! మంచం మీదున్న టైములో ఎనభై ఆరు శాతం నిద్రే! పావుగంట పెంచుదాం. పన్నెండు కాదు, ఇక పావు తక్కువ పన్నెండుకి పడుకోమను" అని ఆవిడ అరిచినంత పని చేశారు.

వింటున్న బుజ్జిబాబు బాబాయ్ వరసలో ఉన్నవాళ్ళకి చెప్పేశాడు. "ఆయ్, మన మిలటరీ గారికి పావుగంట ఇచ్చారంటండి!"

జనం చప్పట్లు కొట్టారు. పావుగంట నిద్రకి చప్పట్లు కొట్టిన ఊరు ఇంకోటి ఉండదు. తర్వాతి వారం ఇంకో పావుగంట, ఆ పైవారం ఇంకోటి. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలి మా కాలువ నిండేటప్పటికి నాన్నగారు అయిదున్నర గంటలు నిద్రపోతున్నారు.

ఈలోగా నా పుస్తకాలు పెరిగాయి. లోవరాజు గారి తర్వాత వేమగిరి నుంచి ఒకాయన, బుర్రిలంక నుంచి ఇద్దరు, అందరూ పాత మిలటరీ వాళ్ళే. హాస్పిటల్ వాళ్ళ ఫారం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. నేను తెలుగులో గళ్ళు గీసి, 'పడుకున్నది, పట్టింది, లేచినవి, దిగింది' అని రాసి ఇచ్చాను. ఒకటి ఫణిశ్రీ గారికి పోస్టు చేశాను. పది రోజులకి ఒక కట్ట వచ్చింది. నా గళ్ళే, నా మాటలే, రెండు వందల కాగితాల మీద అచ్చు వేసి ఉన్నాయి. పైన హాస్పిటల్ ముద్ర ఉంది. "కల్నల్ గారు ఒప్పుకోవడమే కాదు, ఇవి ఎవరు గీశారని అడిగారు" అని చిన్న చీటీ.

జూన్ పదిహేనున ఆవిడ రాజమండ్రి వచ్చారు. మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఒక స్కూలు హాలు అడిగి తీసుకున్నారు. పదిమంది వస్తే గొప్పనుకున్నాం. నలభై ఏడు మంది వచ్చారు, సగం మంది భార్యలతో. సెలవు మీదున్న కుర్ర జవాన్లు కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు.

ఫణిశ్రీ గారు పద్ధతంతా చెప్పి, "ఫారం ఎలా నింపాలో దీన్ని తయారుచేసినావిడ చెప్తారండి" అని కూర్చున్నారు. ఎవరా అని నేనూ చూశాను. నాన్నగారు మోచేత్తో పొడిచారు.

లేచాను. ముందు వరసలో లోవరాజు గారు తన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, స్కూలు పిల్లాడిలా కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూస్తూ మొదలుపెట్టాను. పడుకున్నది, పట్టింది, లేచినవి, దిగింది. చివరగా అయిదింటికి లేపాలని, పేరు పెట్టి పిలవాలని చెప్పాను.

"అంటే మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవాలా పాపా?" అన్నాడు ఒక పెద్దాయన.

నేను జవాబు చెప్పేలోగా ఆయన పక్కనున్న ఆవిడే అంది: "డాక్టరుగారి ఆర్డరండి. నలభై ఏళ్ళకి నా వంతు వచ్చింది."

హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఒకాయన లేచి, తనకి పదేళ్ళుగా నిద్ర లేదని, అందరిముందు, మామూలు గొంతుతో చెప్పాడు. తర్వాత ఇంకొకాయన. నెలకో ఆదివారం తాను రాజమండ్రి వస్తానని, మిగతా వారాలు ఫోన్లోనని ఫణిశ్రీ గారు ప్రకటించారు. ఆ రోజు ముప్పై ఒక్క పేర్లు రాసుకున్నాను.

పద్దెనిమిదిన నాన్నగారు పఠాన్‌కోట్ రైలెక్కారు. స్టేషన్లో అమ్మకి జాగ్రత్తలు చెప్పి, మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, నా దగ్గరికొచ్చారు. నా తల మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, "ఇంటర్‌లో బైపీసీ తీసుకో" అన్నారు. అంతే.

ఇరవై నాలుగు గడిచింది. ఇరవై అయిదు గడిచింది. అమ్మ నర్సరీలో రెండుసార్లు వేలు కోసుకుంది. ఇరవై ఆరు పొద్దున్న బుజ్జిబాబు బాబాయ్ సైకిలు మీద వచ్చి, "ఫోనొచ్చింది, రండి రండి" అని కేకేశాడు. ముగ్గురం పరిగెత్తాం. మామ్మ చెప్పులు కూడా వేసుకోలేదు.

"పాసయ్యానమ్మలూ" అన్నారు నాన్నగారు. "మూడు రాత్రులు హాస్పిటల్లో పెట్టి చూశారు. నిన్న బండి ఇచ్చారు. కొత్త బండి."

నేను తిరిగి అమ్మతో చెప్పాను. అమ్మ బూత్ గోడకి ఆనుకుని ఏడుస్తూ నవ్వింది.

"ఇంకో మాట" అన్నారాయన. వెనకాల ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయి. "మా బ్యారక్‌లో ఇంకో నలుగురున్నారు. ఒకడు తమిళం వాడు, ఇద్దరు బీహారు, ఒకడు మన నరసాపురం. నాకు నిద్ర పట్టేది కాదని, ఎలా పట్టిందో అంతా నేనే చెప్పాను. వాళ్ళకి కాగితాలు కావాలి. మేడమ్ నంబరు కూడా చెప్పు, రాసుకుంటాను."

నేను ఒక్కో అంకే చెప్తుంటే ఆయన అవతల ఒక్కోటీ గట్టిగా పలికారు. ఆయన వెనకాల ఇంకెవరో కూడా పలుకుతూ రాసుకుంటున్నారు.

ఫోన్ పెట్టేశాక మామ్మతో ఆ నలుగురి సంగతి చెప్పాను. మామ్మ దిగులు పడిపోయింది.

"తల్లులు దగ్గర లేని పిల్లలు. పాపం, అయిదింటికి వాళ్ళనెవరు లేపుతారే?"

"నాన్నగారే లేపుతారంట మామ్మా. పేరు పెట్టి."